ఫీనిక్స్ ఓపెన్: పేరుకు గోల్ఫ్, తీరుకు జాతర

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉద్యోగం మీద అరిజోనాలో ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్ వచ్చి ఏడాది కూడా కాలేదు. ఫిబ్రవరి రాగానే ఆఫీసులో సగం మంది పక్కనే స్కాట్స్‌డేల్‌లో జరిగే ఫీనిక్స్ ఓపెన్ గోల్ఫ్ టోర్నమెంటుకని సెలవు పెట్టేస్తున్నారు. అసలు దీని కథేమిటి, దీనివల్ల ఊరికి ఒరిగేదేమైనా ఉందా, లేక పట్టపగలు బీరు తాగడానికి ఇదొక సాకా? ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా?

ముందుగా నా అర్హత చెప్పేస్తాను. గోల్ఫ్ ఆడటం నాకు రాదు. ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఆ ఇరవైలో తొమ్మిది ఫిబ్రవరులు ఆ మైదానంలో వాలంటీరుగా చెత్తడబ్బాల పక్కన నిలబడ్డాను. నవ్వకండి. ఈ టోర్నమెంటు సంగతి తెలియాలంటే ఆటగాళ్ల వెనక నడవడం కంటే డబ్బాల పక్కన నిలబడటమే మేలు. ఎందుకో కింద చెబుతాను.

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు గోల్కొండ వెళ్లినప్పుడల్లా నయా ఖిల్లా లోపలి గోల్ఫ్ కోర్సును దూరం నుంచి చూసేవాణ్ణి. గోల్ఫ్ అంటే గేటు లోపల ఆడే ఆట, మనం గేటు బయట మనుషులం అన్నది అప్పటి నుంచీ మనసులో ఉండిపోయింది. అందుకే ఇక్కడికి వచ్చిన కొత్తలో ఎవరైనా 'ఓపెన్'కి రమ్మంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. తీరా వెళ్లి చూస్తే మేడారం గుర్తొచ్చింది. ఎవరు ఏ దేవుడికి మొక్కుతున్నారో తెలియదు, జనం మాత్రం ఇసకేస్తే రాలడం లేదు. నా జవాబంతా నిజానికి ఈ ఒక్క ముక్కే. ఇది ఆట చుట్టూ చేరిన జనం కాదు, జనం చుట్టూ చేరిన ఆట. దీనివల్ల ఊరికి జరిగే మంచీ ఆ జనం నుంచే వస్తుంది, చెడూ వాళ్ల నుంచే వస్తుంది. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే కుదరదు.

ఇక కథలోకి వద్దాం. 1932లో అరిజోనా ఓపెన్ అన్న పేరుతో ఇది మొదలైంది. మొదటి విజేత రాల్ఫ్ గుల్డాల్. ఆర్థిక మాంద్యం రోజులు కదా, మూడు సార్లు జరిగి 1935 తర్వాత ఆగిపోయింది. అక్కడితో పోయేదే. 1937లో ఫీనిక్స్ వాణిజ్య మండలి 'థండర్‌బర్డ్స్' అని ఒక బృందాన్ని తయారుచేసింది. ఆ బృందం పని ఒక్కటే, ఊరికి జనాన్ని రప్పించడం. ఆ బృందంలో బాబ్ గోల్డ్‌వాటర్ అనే ఆయన ఉండేవాడు. ఫీనిక్స్‌లో పెద్ద బట్టల దుకాణం వాళ్ల కుటుంబానిదే. 1964లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయిన బ్యారీ గోల్డ్‌వాటర్‌కు తమ్ముడు. ఆగిపోయిన టోర్నమెంటును మళ్లీ పట్టాలెక్కిద్దామని 1939లో భుజానికెత్తుకున్నది ఈయనే. ఆ ఏడాది బైరన్ నెల్సన్ 12 స్ట్రోకుల (దెబ్బల) తేడాతో గెలిచాడు.

అప్పటి ఫీనిక్స్ అంటే ఇప్పటిది ఊహించుకోకండి. 1940 జనాభా లెక్కల్లో మొత్తం 65 వేల మంది. మన దగ్గర ఒక మోస్తరు తాలూకా కేంద్రం అంత. ఇక్కడి బడి పిల్లలు అరిజోనాకు ఐదు ఆధారాలని చదువుకుంటారు: రాగి, పశువులు, పత్తి, నిమ్మజాతి తోటలు, వాతావరణం. మొదటి నాలుగింటినీ తవ్వో పండించో పెంచో అమ్మాలి. ఐదోదాన్ని అమ్మాలంటే ఎవరైనా వచ్చి చూడాలి. షికాగోలో మంచు మోకాళ్లదాకా పడే రోజుల్లో ఇక్కడ మనుషులు చొక్కా చేతులు మడుచుకుని పచ్చగడ్డి మీద నడుస్తున్నారని దేశానికి చూపించడానికి గోల్ఫ్ కంటే మంచి ప్రకటన ఏముంది? ఇప్పుడు టీవీలో వెనకాల కొండలూ కాక్టస్‌లూ కనిపిస్తుంటే మిన్నెసోటాలో ఎవరో ఒకాయన నిట్టూర్చి రియల్ ఎస్టేట్ వెబ్‌సైట్ తెరుస్తాడు. టోర్నమెంటు పుట్టిన పని నేటికీ జరుగుతూనే ఉంది. ఆర్నాల్డ్ పామర్ అనే పేరున్న గోల్ఫర్ 1961, 62, 63లో వరసగా మూడు సార్లు గెలిచిన కాలానికి ఊరు బాగా పెరిగింది, టీవీలూ ఇళ్లలోకి వచ్చేశాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా దాటలేను, ఎందుకంటే టోర్నమెంటు గురించి ఇష్టంగా చెప్పే వాళ్లెవరూ దీన్ని ఎత్తరు. అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం నిబంధనల్లో 1934 నుంచి 1961 దాకా తెల్లవాళ్లకే సభ్యత్వం అని రాసి ఉండేది. 1952 జనవరిలో శాన్ డియేగోలో మాజీ హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ జో లూయిస్‌ను ఆడనివ్వకపోతే ఆయన దేశమంతా వినేలా గొడవ చేశాడు. దాంతో సంఘం సగం మెట్టు దిగింది. నిర్వాహకులు పిలిస్తే నల్లజాతి ఆటగాళ్లు రావొచ్చంది. ఆ వెంటనే జరిగిన పోటీ మన ఫీనిక్స్ ఓపెన్. జో లూయిస్, టెడ్ రోడ్స్, బిల్ స్పిల్లర్, చార్లీ సిఫర్డ్ కలిసి అర్హత పోటీలో అందరికంటే ముందు మైదానంలోకి దిగారు. మొదటి గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దగ్గర జెండా తీసి చూస్తే గుంతలో మనిషి మలం నింపి ఉంది. దాన్ని శుభ్రం చేసి గుంతలోని డబ్బా మార్చేదాకా వాళ్లు అక్కడే నిలబడ్డారు. ఈ సంగతి సిఫర్డ్ తర్వాతి కాలంలో స్వయంగా చెప్పుకున్నాడు. 1967లో హార్ట్‌ఫర్డ్‌లో జరిగిన పెద్ద ప్రొఫెషనల్ పోటీ గెలిచినదీ ఆ సిఫర్డే.

45 ఏళ్ల తర్వాత, 1997 జనవరి 25, శనివారం, ఇదే టోర్నమెంటులో పదహారో హోల్ (మైదానంలో ఒక్కో గుంతకు ఆడే వంతు) దగ్గర 21 ఏళ్ల టైగర్ వుడ్స్ కొట్టిన మొదటి దెబ్బకే బంతి నేరుగా గుంతలో పడింది. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి. కొండవాలు మీద కూర్చున్న జనం లేచిన తీరు, గాల్లోంచి బీరు గ్లాసులు వర్షంలా పడటం. నేను ఆ వీడియో చూసిన ప్రతిసారీ 1952 నాటి ఆ గుంత గుర్తొస్తుంది. చూసేవాళ్లలో ఎంతమందికి గుర్తొస్తుందో తెలియదు.

రెండు గుంతలూ ఒకే మైదానంలోవి కావు. తొలినాళ్లలో పోటీలు ఫీనిక్స్ కంట్రీ క్లబ్‌లో, కొన్నేళ్లు అరిజోనా కంట్రీ క్లబ్‌లో జరిగేవి. 1987లో స్కాట్స్‌డేల్‌లోని ఇప్పటి చోటికి, టీపీసీ అనే మైదానానికి మారాయి. ఈ మార్పే అసలు మలుపు అని నా అభిప్రాయం. కంట్రీ క్లబ్ అంటే సభ్యుల ఆస్తి, అక్కడ జనం అతిథులు. ఈ కొత్త చోటు అలా కాదు. ఆ నేల కేంద్ర ప్రభుత్వంలో నీటి ప్రాజెక్టులు చూసే రిక్లమేషన్ బ్యూరోది. కొలరాడో నది నీళ్లు తెచ్చే పెద్ద కాలువ కట్టను వరద నుంచి కాపాడటానికి వదిలిన పల్లపు భూమి అది. దాన్ని స్కాట్స్‌డేల్ నగరం లీజుకు తీసుకుని, టామ్ వైస్కాఫ్, జే మారిష్‌ల చేత మైదానం వేయించింది. డబ్బు కట్టి ఎవరైనా ఆడుకోవచ్చు, ఫీజు మాత్రం సీజన్లో కళ్లు తిరిగేలా ఉంటుంది. పైగా దీన్ని మొదటి నుంచీ చూసేవాళ్ల కోసమే కట్టారు. గ్రీన్ల చుట్టూ మట్టి పోసి దిబ్బలు లేపారు. మన ఊళ్లో చెరువు గట్టు మీద కూర్చుని కబడ్డీ చూసినట్టు కూర్చుని చూడొచ్చు.

పదహారో హోల్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. 163 గజాల చిన్న హోల్. ఆటపరంగా అందులో గొప్పేమీ లేదు, మంచి ఆటగాడికి కళ్లు మూసుకుని కొట్టే దూరం. టైగర్ కొట్టిన నాటికి అక్కడ కట్టడాలు పెద్దగా లేవు. ఆ తర్వాత ఏటేటా మూడంతస్తుల గ్యాలరీలు పెరిగి పెరిగి, ఇప్పుడు హోల్ చుట్టూ మూసుకుపోయిన క్రికెట్ స్టేడియంలా ఉంటుంది. దాదాపు 20 వేల మంది పడతారు. ఇంకెక్కడైనా గోల్ఫర్ బంతి కొట్టేటప్పుడు మార్షల్ చెయ్యెత్తి 'ఉష్' అంటాడు. ఇక్కడ గ్రీన్ మీద బంతి పడకపోతే 20 వేల మంది ఒక్క గొంతుతో వెక్కిరిస్తారు. తెల్లవారుజామున చీకట్లోనే గేట్ల దగ్గర వరస కట్టి, తెరవగానే ఆ గ్యాలరీ దాకా పరుగు పెడతారు. ఒకప్పుడు టీ (బంతిని మొదట కొట్టే చోటు) నుంచి గ్రీన్ దాకా ఆటగాళ్ల సంచులు మోసే క్యాడీలు పరుగు పందెం పెట్టుకునేవాళ్లు, జనం వాళ్ల మీద పందేలు కాసేవాళ్లు. ఎవరికైనా కాలో చెయ్యో విరుగుతుందని 2013లో ఆపించారు. అది ఆపడం నాకు కొంచెం బాధే. 2022లో శనివారం శామ్ రైడర్, ఆదివారం కార్లోస్ ఓర్టిస్ ఇదే హోల్‌లో హోల్-ఇన్-వన్ (ఒక్క దెబ్బకే బంతి గుంతలో) కొట్టారు. రైడర్ బంతి పడ్డాక గ్రీన్ అంతా బీరు డబ్బాలతో నిండిపోయింది. వాటిని ఏరేదాకా ఆట ఆపేశారు. ఆ రోజు ఏరిన చేతుల బాధ నాకు తెలుసు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, డబ్బు సంగతి. పీజీఏ టూర్ (అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫర్లు ఊరూరా ఆడే పోటీల వరస) పోటీలు చాలావరకు స్థానిక లాభాపేక్ష లేని సంస్థల చేతుల మీదుగా నడుస్తాయి. ఖర్చులు పోగా మిగిలినది ఊళ్లో మంచి పనులకు వెళ్లాలన్నది ఆనవాయితీ. టూర్ చరిత్రలో దీనికి మొదలు 1938లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్‌లో 10 వేల డాలర్ల విరాళం. 2020 నాటికి అన్ని ఊళ్లూ కలిపి 300 కోట్ల డాలర్లు దాటింది. ఫీనిక్స్‌లో ఆ పని చేసేది థండర్‌బర్డ్సే. క్రియాశీల సభ్యులు 55 మంది మాత్రమే. అందరూ ఊళ్లో పలుకుబడి ఉన్న వ్యాపారులు, వృత్తి నిపుణులు. టోర్నమెంటు వారంలో ముదురు నీలం వెల్వెట్ అంగీ, నడుముకు వెండి పట్టీ వేసుకుని తిరుగుతారు, మీరు గుర్తుపట్టేస్తారు. వాళ్ల నాయకుణ్ణి 'బిగ్ చీఫ్' అంటారు. ఆదివాసుల గుర్తులు అరువు తెచ్చుకుని వేసుకునే ఆ వేషం మీద నాకు మొదటి నుంచీ కొంచెం ఇబ్బందిగానే ఉంది, దాచుకోను. వాళ్ల పని మీద మాత్రం గౌరవం ఉంది. 1986లో థండర్‌బర్డ్స్ చారిటీస్ అని విడిగా ఒక సంస్థ పెట్టారు, పిల్లలూ అవసరంలో ఉన్న కుటుంబాల కోసం. 1932 నుంచి లెక్క వేస్తే ఈ టోర్నమెంటు పేరు మీద 20 కోట్ల డాలర్లకు పైగా అరిజోనాలోని సంస్థలకు చేరింది. ఇటీవల ఏటా కోటి డాలర్లు దాటుతోంది.

ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? టీవీ నుంచి కాదు, బహుమతి సొమ్ము నుంచీ కాదు. గ్యాలరీల్లో కంపెనీలు అద్దెకు తీసుకునే గదులు, టికెట్లు, తిండి, తాగుడు. అంటే జనం. 2018లో వారం మొత్తానికి 7,19,179 మంది వచ్చారు, ఆ శనివారం ఒక్కరోజే 2,16,818 మంది. గోల్ఫ్‌లో అంతకు మించిన లెక్క లేదు. ఆ తర్వాత హాజరు అంకెలు ప్రకటించడం మానేశారు. జనం లేకపోతే ఏమవుతుందో 2021లో తెలిసింది. కోవిడ్ వల్ల రోజుకు 5 వేల మందినే రానిచ్చారు. పంచడానికి మిగిలిన సొమ్ము ఒక్కసారిగా పడిపోయింది. గుడి పెద్దదా చిన్నదా అని కాదు, తిరునాళ్లకు జనం రాకపోతే హుండీ మోగదు.

మీలాగే నాకూ ఒక అనుమానం ఉండేది. ఇన్ని కోట్ల వ్యాపారంలో చివరికి మంచి పనికి వెళ్లేది ఎంత శాతం అని. న్యాయమైన ప్రశ్నే. 2023లో బహుమతి సొమ్మే 2 కోట్ల డాలర్లు, అది ఆటగాళ్లది. గ్యాలరీలు కట్టడానికి నెలలు పడుతుంది, ప్రతి ఏడూ కట్టి విప్పుతారు. పోలీసులు, బస్సులు, శుభ్రత, అన్నీ ఖర్చులే. కాబట్టి 'మీ టికెట్ డబ్బంతా దానానికే' అని ఎవరైనా అంటే నమ్మకండి. అలాగే ఊరికి ఇన్ని కోట్ల ఆర్థిక లాభం అన్న అధ్యయనాలు వింటారు. 2017లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల అంచనా 38.9 కోట్ల డాలర్లు. ఆ రకం లెక్కల్లో హోటలు గది అద్దె నుంచి టాక్సీ దాకా అన్నీ కలిసిపోతాయి. ఆ అంకెను నేను సగం తగ్గించుకుని వింటాను. ఆ సగమైనా పెద్దదే. ఊళ్లో చాలా చిన్న హోటళ్లకు సంవత్సరమంతా కలిపి ఈ వారమే పంట.

అంకెలు పక్కన పెట్టి ఒక రోజు గురించి చెబుతాను. పోటీ మొదలయ్యే ముందు ప్రాక్టీసు రోజుల్లో స్పెషల్ ఒలింపిక్స్ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల క్రీడలు) క్రీడాకారులు అదే మైదానంలో ఆడతారు. 2019లో అలా ఎమీ బాకర్‌స్టెట్ అనే అమ్మాయి పదహారో హోల్‌కి వచ్చింది. డౌన్ సిండ్రోమ్ ఉన్న మనిషి, ఇక్కడి ప్యారడైజ్ వ్యాలీ కమ్యూనిటీ కాలేజీలో గోల్ఫ్ ఆడేది. గ్యారీ వుడ్‌ల్యాండ్ అనే ఆటగాడు ఆమెను ఒక షాట్ కొట్టమన్నాడు. బంతి బంకర్ అనే ఇసక గుంతలో పడింది. నేను తీసి పెట్టనా అని అతనడిగితే అక్కర్లేదు, నేను చూసుకుంటాను అంది. ఇసకలోంచి బంతిని గ్రీన్ మీదకు తెచ్చి, ఒక్క పుట్‌తో (గ్రీన్ మీద మెల్లగా దొర్లించే దెబ్బతో) గుంతలో వేసి పార్ చేసింది, అంటే ఆ హోల్‌కి నిర్ణయించిన దెబ్బల్లోనే ముగించింది. ఆ గ్యాలరీ జనం, ఊరికే వెక్కిరిస్తారని పేరున్న ఆ జనమే, ఆమె పేరు పెట్టి అరుస్తున్నారు. ఆ వీడియో కోట్ల మంది చూశారు. ఆ జూన్‌లో వుడ్‌ల్యాండ్ యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఎమీ మాటలు ఆ వారమంతా తన తలలో ఉన్నాయని అతను చెప్పుకున్నాడు. తర్వాత ఆమె కుటుంబం మేధో వైకల్యం ఉన్నవాళ్లకు గోల్ఫ్ నేర్పే సంస్థ పెట్టింది.

చెత్తడబ్బాల సంగతి చెబుతానన్నాను కదా. 2010 నుంచి టోర్నమెంటుకు పేరు ఇస్తున్నది వేస్ట్ మేనేజ్‌మెంట్ అనే చెత్త తరలింపు కంపెనీ. అంతకు ముందు ఒక ఆర్థిక సంస్థ పేరు ఉండేది. చెత్త కంపెనీ పేరు మీద పండగ అని మొదట్లో మేమూ జోకులు వేసుకున్నాం. వాళ్లేం చేశారంటే, మైదానంలో మామూలు చెత్తకుండీ అన్నదే లేకుండా చేశారు. రెండే రకాల డబ్బాలు, ఒకటి మళ్లీ వాడే వస్తువులకు, ఒకటి ఎరువుగా మారే వాటికి. అమ్మకందారులు ఆ రెంటిలో ఏదో ఒకదాంట్లో పడే వస్తువులే తేవాలి. కప్పు, స్పూను, ప్లేటు అన్నీ. వంటశాలల్లో వాడిన నీటిని తాత్కాలిక మరుగుదొడ్లకు మళ్లిస్తారు. 2013 నుంచి ఈ టోర్నమెంటు చెత్తను డంపింగ్ యార్డులకు పోకుండా చూస్తున్నారు. లక్షల మంది వచ్చే చోట ఇది మామూలు సంగతి కాదు. మా వాలంటీర్ల పని డబ్బా పక్కన నిలబడి, తడబడే చేతిలోంచి కప్పు తీసుకుని సరైన దాంట్లో వేయించడం. ఉదయం పదింటికి అందరూ బుద్ధిగా అడుగుతారు. మధ్యాహ్నం మూడింటికి డబ్బా ఎక్కడుందో కూడా కనబడదు వాళ్లకి. ఒకసారి ఒక కుర్రాడు సగం తిన్న శాండ్‌విచ్ నా చేతిలో పెట్టి 'మీరే చూసుకోండి సార్' అని దండం పెట్టి వెళ్లిపోయాడు. అయినా నేనొక మార్పు కళ్లారా చూశాను. మొదటి ఏడాది అందరికీ నేనే చెప్పాల్సి వచ్చింది. నాలుగో ఏడాదికి తాగినవాడికి పక్కవాడు చెబుతున్నాడు. ఎడారిలో ఇంత పచ్చగడ్డి పెంచడమే తప్పు కదా, ఇక డబ్బాల గొడవెందుకు అనేవాళ్లు ఉన్నారు. నీళ్ల విషయంలో వాళ్లతో వాదించను, అది నిజమైన ప్రశ్న.

ఇక చెడు. 1999లో టైగర్ బంతి ముందు పెద్ద బండరాయి అడ్డం వస్తే జనం పదిమంది కలిసి దాన్ని పక్కకు దొర్లించారు. నియమాల ప్రకారం అది కదిలే వస్తువేనని రెఫరీ ఒప్పుకున్నాడు. ఆ కథ అందరూ నవ్వుతూ చెబుతారు. అదే ఏడాది టైగర్‌ను వెంటాడుతూ కేకలేసిన ఒకడి దగ్గర తుపాకీ దొరికిందన్నది మాత్రం నవ్వుతూ చెప్పరు. 2001లో టైగర్ పుట్ కొడుతుంటే ఎవరో గ్రీన్ మీదకు నారింజపండు విసిరారు. ఆ తర్వాత 2015 దాకా టైగర్ ఇక్కడికి రాలేదు. ఎందుకు రాలేదో అతనికే తెలియాలి.

2024 శనివారం నేనక్కడే ఉన్నాను. ముందు రోజుల్లో వాన పడి గడ్డి దిబ్బలన్నీ బురద. కూర్చోవాల్సిన జనమంతా సిమెంటు దారుల మీదకు వచ్చేశారు. అడుగు తీసి అడుగు వేసే చోటు లేదు. మధ్యాహ్నానికి గేట్లు మూసేశారు, టికెట్ చేతిలో ఉన్నవాళ్లు కూడా బయటే ఉండిపోయారు. మైదానం లోపల మద్యం అమ్మకం ఆపేశారు. అంతకు ముందు రోజు, శుక్రవారం, పదహారో హోల్ గ్యాలరీ పై నుంచి ఒకామె పడిపోయింది. ఆ వారాంతంలో జాక్ జాన్సన్, బిల్లీ హార్షెల్ లాంటి ఆటగాళ్లు జనంతో గొడవపడ్డారు. చిన్నప్పుడు పుష్కరాల రద్దీలో అమ్మ చెయ్యి వదలకుండా పట్టుకున్న భయం నాకు ఆ రోజు మళ్లీ తెలిసింది. మరుసటి ఏటికి దారులు వెడల్పు చేశారు, ప్రవేశ ద్వారాలు మార్చారు. 2025లో నేను చూసినంతవరకు తేడా కనిపించింది. కానీ జనాన్ని రప్పించి, తాగించి, అరవమని ప్రోత్సహించి, ఆ అరుపులతోనే దానాల డబ్బు పోగుచేసే పద్ధతిలో ఈ ప్రమాదం పుట్టుకతోనే ఉంది. నిర్వాహకులు దాన్ని తాగినవాళ్ల తప్పుగా మాత్రమే మాట్లాడితే నేను ఒప్పుకోను.

మన తెలుగువాళ్లకి ఈ టోర్నమెంటు సొంతమైపోయింది 2022లో. సాహిత్ తీగల. వ్యాఖ్యాతలు 'థిగాలా' అంటారు, మనకు మాత్రం అచ్చమైన తీగల. కాలిఫోర్నియాలో పుట్టాడు, అమ్మానాన్నలు హైదరాబాద్ వాళ్లు. అప్పటికి టూర్‌లో కొత్తకుర్రాడు, నిర్వాహకుల ఆహ్వానం మీద ఆడుతున్నాడు. 70 ఏళ్ల కిందట జో లూయిస్ బృందం వచ్చిందీ ఆహ్వానం మీదే అన్నది అప్పుడు నాకు తట్టలేదు, ఇది రాస్తుంటే తట్టింది. శుక్రవారం ముందున్నాడు, శనివారం ముందున్నాడు. ఆదివారం పదహారు దాటేదాకా ముందు వరసలోనే ఉన్నాడు. పదిహేడో హోల్ చిన్న పార్-4, బలంగా కొడితే గ్రీన్ అందుతుంది, ఎడమ పక్క నీళ్లు. అతని బంతి బాగానే వెళ్లింది, నేలకు తగిలి ఎడమకు దొర్లి నీళ్లలోకి జారింది. చివరికి ఒక్క స్ట్రోకు తేడాతో ప్లేఆఫ్ (సమానంగా నిలిచినవాళ్ల మధ్య విజేతను తేల్చే పోటీ) అవకాశం పోయింది. ప్లేఆఫ్‌లో స్కాటీ షెఫ్లర్ గెలిచాడు, అతనికి అదే టూర్‌లో మొదటి విజయం. ఇప్పుడతను ప్రపంచ నంబర్ వన్ అని మీకు తెలిసే ఉంటుంది. సాహిత్ వాళ్లమ్మను పట్టుకుని ఏడ్చాడు. నా పక్క డబ్బా దగ్గర నిలబడ్డ వాలంటీరు, మెక్సికన్ పెద్దామె, 'మీ అబ్బాయి' అని నా భుజం తట్టింది. ఆ వారమంతా ఆ గ్యాలరీలు అతని పేరు అరిచిన తీరు విని ఉంటే, మన జనం ఎందుకంత కంటతడి పెట్టారో మీకు అర్థమవుతుంది. మరుసటి ఏడాది సెప్టెంబరులో నాపాలో తొలి టూర్ టైటిల్ గెలిచాడు, అది వేరే కథ.

అమ్మానాన్నల విషయం. శుక్ర, శనివారాలు వద్దు. శనివారం అసలు వద్దు. ప్రాక్టీసు రోజుల్లో గానీ గురువారం పొద్దున్నే గానీ తీసుకెళ్లండి. ఎండ హాయిగా ఉంటుంది, కానీ ఉదయం చలి, శాలువా తీసుకెళ్లండి. కిలోమీటర్లు నడవాలి, కాబట్టి నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే పదహారో హోల్ ఆశ వదిలేసి పదిహేడో గ్రీన్ దగ్గర దిబ్బ మీద దుప్పటి వేసుకోండి. వచ్చే ప్రతి ఆటగాడూ అక్కడ సాహసం చేయాలా వద్దా అని ఆగి ఆలోచిస్తాడు. ఆట తెలియకపోయినా అది చూడ్డానికి బాగుంటుంది. శాకాహారం పెద్దగా దొరకదు. బయటి తిండి లోపలికి తేవడం మీద నియమాలు ఏటా మారతాయి, టికెట్ కొనేటప్పుడే చూసుకోండి. తిరిగి వెళ్లేటప్పుడు టాక్సీ దొరకడం నరకం, ఉచిత పార్కింగ్ నుంచి బస్సులు ఉంటాయి, వాటినే నమ్ముకోండి. అక్కడ డబ్బా పక్కన ఆకుపచ్చ చొక్కాలో బట్టతల మనిషి కనిపిస్తే కప్పు ఎందులో వేయాలని తెలుగులోనే అడగండి. గురువారం ఉదయం డ్యూటీ నాదే.